గంటలోపు 10కె: ఒక ఛారిటీ రన్ కేసు

రన్నర్ వయసు 43. విశాఖలో ఒక బ్యాంకు బ్రాంచిలో ఆఫీసర్. ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారు, ఉదయం తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉండాల్సిన ఉద్యోగం. నడకతో మొదలై పరుగులోకి వచ్చి రెండేళ్ళు దాటింది. చిన్నపిల్లల గుండె ఆపరేషన్ల కోసం ఒక ట్రస్టు ఏటా డిసెంబరులో బీచ్ రోడ్డు మీద 10కె, అంటే 10 కిలోమీటర్ల పరుగు, పెడుతుంది. కిందటేడు అందులో ఆవిడ టైమ్ 1:04:30. ఈసారి గంటలోపు రావాలన్నది కోరిక. సెప్టెంబరు మొదట్లో కోచింగ్ కోసం నా దగ్గరికి వచ్చారు. పేరు వద్దన్నారు, మిగతాదంతా రాసుకోమన్నారు.

గంట అన్న అంకె వెనక ఇంకో సంగతి కూడా ఉంది. బ్రాంచిలో విరాళాలు అడిగినప్పుడు కొందరు "గంటలోపు వస్తే మా డబ్బు రెట్టింపు" అన్నారట. సరదాకి అన్నమాటే. కానీ ఆవిడ ఒక కాగితం మీద పేర్లూ మొత్తాలూ రాసుకుని సంతకాలు కూడా పెట్టించుకున్నారు. బ్యాంకు మనిషి కదా. దాంతో సొంత ముచ్చట కాస్తా బాధ్యత అయి కూర్చుంది, టెన్షన్ కూడా దాని వెంటే వచ్చింది.

కిందటేటి వాచ్ ఏం చెప్పింది

ఎవరొచ్చినా నేను ముందు వాచ్‌లోని స్ప్లిట్స్, అంటే ఏ కిలోమీటరుకి ఎంత టైమ్ పట్టిందో, అడుగుతాను. మనిషికి గుర్తుండేది బాధపడ్డ చోటే. ఆవిడా అంతే: "ఏడో కిలోమీటరు నుంచి కాళ్ళు లేవలేదు సార్, నాకు స్టామినా లేదు" అన్నారు. వాచ్ తీసి చూస్తే మొదటి కిలోమీటరు 6:50, రెండు, మూడు చెరో 5:40, నాలుగు 5:55. అక్కణ్ణుంచి జారుడే: 6:15, 6:30, 6:45, 6:55, 6:50, చివరిది 6:20. మొత్తం 1:03:40. నిర్వాహకుల లిస్టులో ఉన్నదానికన్నా 50 సెకన్లు తక్కువ. జెండా ఊపాక, వెనకెక్కడో నిలబడ్డ ఆవిడ జనంతో పాటు స్టార్ట్ లైన్ దాకా నడిచి రావడానికి పట్టిన టైమ్ అది.

గంటలో 10 కిలోమీటర్లంటే కిలోమీటరుకి సరిగ్గా ఆరు నిమిషాలు. మొదటి కిలోమీటర్లో నడిచేవాళ్ళ మధ్య ఇరుక్కుని పోగొట్టుకున్న 50 సెకన్లను వెంటనే వసూలు చేయాలని తర్వాతి రెండు కిలోమీటర్లు 5:40లో కొట్టారు. అప్పటి ఆవిడ స్థాయికి 5కె రేసులో కూడా అది ఎక్కువ పేసే (కిలోమీటరుకి పట్టే టైముతో చెప్పే వేగమే పేస్). మొదటి సగం 30:20, రెండో సగం 33:20. స్టామినా మీద వేసిన నిందలో చాలా భాగం ఆ రెండు కిలోమీటర్లకే చెందుతుంది.

కాబట్టి మొదటి రోజే నా లెక్క చెప్పేశాను. లిస్టు ప్రకారం తగ్గాల్సింది నాలుగున్నర నిమిషాలు. అందులో రెండు నిమిషాల దాకా నిలబడే చోటు, మొదటి మూడు కిలోమీటర్ల పద్ధతి మారిస్తే వస్తాయి. మిగతాది మాత్రం ఒంట్లోంచి రావాలి.

బియ్యం గింజలు

ఒంటి సంగతి చూడ్డానికి బీచ్ రోడ్డు మీద ఈజీ రన్ చేయించాను. కాళీమాత గుడి నుంచి మొదలుపెట్టి, మాట్లాడుకుంటూ వెళ్ళే వేగం. కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు పడుతున్నా గుండె వేగం 150 దాటిపోయింది. వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేసే సూత్రం ప్రకారం ఆవిడ గరిష్ఠం దాదాపు 178. అంటే మెల్లగా పరిగెత్తడమే గరిష్ఠంలో 85 శాతం దగ్గర నడుస్తోంది. సెప్టెంబరులో విశాఖ ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే, చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది. కానీ ఆ ఉక్కలో పరిగెత్తే మిగతావాళ్ళ అంకెలు కూడా నా దగ్గరున్నాయి. ఇది దానికి మించి ఉంది.

ఆగి నీళ్ళు తాగుతుంటే ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నారు. పచ్చి బియ్యం. "అలవాటు సార్, ఈమధ్య ఎక్కువైంది" అన్నారు నవ్వుతూ. బ్రాంచిలో మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కూడా ఆ మాటల్లోనే తెలిసింది.

నేను డాక్టర్ని కాను. కానీ ఐరన్ తక్కువైన వాళ్ళలో బియ్యం, సుద్ద, మట్టి తినాలనిపించడం మన ఊళ్ళలో అమ్మమ్మలకి కూడా తెలిసిన విషయమే. పరీక్ష చేయించుకుని వస్తేనే ట్రైనింగ్ అని చెప్పాను. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. గర్భిణులు కాని స్త్రీలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 12. ఒంట్లో ఐరన్ నిల్వని చెప్పే ఫెరిటిన్ కూడా బాగా తక్కువ. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండటం కారణమని తేల్చి, డాక్టరమ్మ దానికి వైద్యం మొదలుపెట్టి, ఐరన్ మాత్రలు రాశారు. ఇది అరుదైన కేసేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5వ విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పరుగు గ్రూపుల్లోకి వచ్చే ఆడవాళ్ళు ఆ లెక్కకి బయట ఉంటారని అనుకోవడానికి లేదు. అయినా ఆయాసం అనగానే "ఇంకా కష్టపడాలి" అని చెప్పే కోచ్‌లే ఎక్కువ, నాకు ఒళ్ళు మండే విషయం ఇది.

మాత్ర విషయంలో ఒక చిక్కు వచ్చింది. పొద్దున్నే మాత్ర వేసుకుని ఐదు నిమిషాల్లో ఫిల్టర్ కాఫీ తాగేవారు. కాఫీ, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. కాఫీ మానమంటే మానరని అర్థమైంది కాబట్టి డాక్టరుగారు మాత్రని మధ్యాహ్నానికి మార్చి నిమ్మరసంతో వేసుకోమన్నారు.

వాకర్స్ దాటిపోయారు

అక్టోబరు సగం దాకా ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ వేగంగా పరిగెత్తే ముక్కలు) లేవు, వేగం మాటే లేదు. వారానికి నాలుగు రోజులు పరుగు, అన్నీ ఈజీ. అంతకుముందు ఆవిడ ప్రతిరోజూ 6:40లోనే పరిగెత్తేవారు. రేసుకి పనికొచ్చేంత వేగం కాదు, కోలుకునేంత నెమ్మదీ కాదు. మన దగ్గర రిక్రియేషనల్ రన్నర్లలో ఎక్కువమంది ఉండిపోయేది ఈ మధ్యలోనే.

నెమ్మదిగా పరిగెత్తమని చెప్పడం తేలిక, చేయించడం కష్టం. రెండో వారంలో ఫోన్ వచ్చింది. "సార్, వాకర్స్ దాటిపోతున్నారు. మా ఎంవీపీ కాలనీ వాళ్ళందరూ అక్కడే ఉంటారు, పరువు పోతోంది." పేస్ చూడొద్దన్నాను. పరుగు మధ్యలో అత్తగారికి ఫోన్ చేసి మాట్లాడితే, మీరు పరిగెత్తుతున్నారని ఆవిడకి తెలియకూడదు, అదే కొలత అన్నాను. నిజంగానే ఫోన్ చేశారు. కూరలోకి ఏం కావాలో మాట్లాడి పెట్టేశారు. అత్తగారికి అనుమానం రాలేదు.

సెప్టెంబరు నెలాఖరు అర్ధ సంవత్సరం క్లోజింగ్ కాబట్టి ఆ వారం పరుగులు సగమే అయ్యాయి. దసరాకి బంధువులు, అక్టోబరు చివర్లో వాయుగుండం వాన. ప్లాన్ రాసేటప్పుడే ఇలాంటివి ఉంటాయని వదులు పెట్టుకుంటాను కాబట్టి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. బూట్లు అరిగిపోయి ఉంటే మార్పించాను. పిక్కలకి, తుంటికి వారానికి రెండుసార్లు వ్యాయామాలు.

అక్టోబరు రెండో సగంలో గురువారాలు 800 మీటర్లు ఐదుసార్లు, 5:40 పేస్‌లో, మధ్యలో రెండు నిమిషాల నడక. కిందటేడు రేసుని చెడగొట్టిన పేసే అది, ఇప్పుడు మందులాగా కొలిచి ఇస్తున్నాం. నవంబరులో వాటి స్థానంలో రెండు కిలోమీటర్లు మూడుసార్లు, 5:55లో. ఆదివారం లాంగ్ రన్ 13 కిలోమీటర్ల దాకా వెళ్ళింది, అదీ ఈజీగానే. తెన్నేటి పార్కు వైపు ఎత్తు ఎక్కడం కొన్ని ఆదివారాల్లో కలిపాను, కారణం కింద చెప్తాను.

నవంబరు మొదట్లో 5కె టెస్ట్ పెడితే 29:40. రీగెల్ సూత్రం ప్రకారం, అంటే దూరం రెట్టింపైతే టైముని దాదాపు 2.085తో గుణిస్తే, 10కె అంచనా 1:01:51. నవంబరు చివర్లో మళ్ళీ పెడితే 28:35. అంచనా 59:36. వారానికి తక్కువ కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళకి ఈ సూత్రం కాస్త ఆశపెడుతుంది, కాబట్టి 24 సెకన్ల వెసులుబాటు అంటే ఉన్నట్టా లేనట్టా అన్నంత సన్నం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాయాలి. అదే సమయానికి హిమోగ్లోబిన్ 12.1కి వచ్చింది. ఉక్క తగ్గి తెల్లవారుజాములు చల్లబడ్డాయి. ఈజీ పరుగులో గుండె వేగం 130ల్లోకి దిగింది. ఈ మెరుగుదలలో మాత్రల వాటా ఎంత, చలికాలం వాటా ఎంత, నా ట్రైనింగ్ వాటా ఎంత అని విడదీయడం ఈ కేసులో సాధ్యం కాదు. మొదటి వాటా మాత్రలదే అని నా అభిప్రాయం. బియ్యం డబ్బా బ్యాగులోంచి మాయమైందని ఆవిడే చెప్పారు.

ఛారిటీ రన్ అనే రేసు

ఈ తరహా పరుగులు టైమ్ కోసం పెట్టినవి కావు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కుటుంబాలతో, కాలేజీ బ్యాచ్‌లతో, ఆఫీసు టీషర్టులతో వస్తారు. రావాలి కూడా, నిధి నిండేది వాళ్ళ రుసుములతోనే. నాలుగు వరసల్లో సెల్ఫీలు దిగుతున్నవాళ్ళ వెనక నిలబడి నా టైమ్ పాడైందని విసుక్కునే రన్నర్‌ని చూస్తే నాకు జాలి వేయదు. టైమ్ కావాలనుకున్నవాళ్ళే ఆ వాతావరణాన్ని చదువుకుని రావాలి.

మేం అలాగే చదివాం. కిందటేడు 5:45 అని చెప్పి 6:05కి వదిలారు, ముఖ్య అతిథి రావాలి, మాట్లాడాలి, జుంబా అవ్వాలి. కాబట్టి వార్మప్ ప్రకటించిన టైముకి చేస్తే వృథా, ఒళ్ళు మళ్ళీ చల్లబడిపోతుంది. ముఖ్య అతిథి మైకు పట్టుకున్నాక మొదలుపెట్టాలి: ఎనిమిది నిమిషాలు నెమ్మదిగా పరుగు, నాలుగు చిన్న స్ట్రైడ్స్ (కొద్ది దూరం వేగంగా పరుగు), నేరుగా లైన్‌లోకి. స్టేజి ముందు జుంబాలో చేరితే ముందువరస దొరకదు, అది మొహమాటం లేకుండా మానేయాలి. గీత దాటగానే టైమ్ దానంతటదే నమోదు చేసే చిప్ లేదు, ఫినిష్ దగ్గర వాలంటీర్లు ఫోన్‌లో టైమ్ చూసి బిబ్ నంబరు (చొక్కాకి పెట్టుకున్న నంబరు) పక్కన రాస్తారు. అంటే అక్కడ జెండా ఊపిన క్షణం నుంచే లెక్క, వెనక నిలబడి పోగొట్టుకున్న సెకన్లు తిరిగి రావు. ముందు నుంచి మూడో వరస, అంచున. మొదటి వరస వద్దు, అక్కడ 45 నిమిషాల కుర్రాళ్ళుంటారు, వాళ్ళతో కొట్టుకుపోతారు.

రూటు బీచ్ రోడ్డు మీద వెళ్ళి రావడమే. సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, పార్క్ హోటల్ దాటి, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం మీదుగా తెన్నేటి పార్కుకి ముందు యూటర్న్. చివర్లో కైలాసగిరి వాలు పక్కన రోడ్డు ఎత్తెక్కుతుంది. అంటే ఐదో కిలోమీటరు నెమ్మదిస్తుంది, ఆరోది తిరిగి ఇస్తుంది. ఐదోది 6:15 పడినా ఆందోళన పడకూడదని ముందే రాసుకున్నాం.

ఇక దూరం. సర్టిఫైడ్ రేసుల్లో రోడ్డుని సైకిల్ చక్రానికి బిగించిన జోన్స్ కౌంటర్‌తో కొలుస్తారు. రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు. ఎక్కడా తక్కువ రాకుండా వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 10కెకి 10 మీటర్లు, కలుపుతారు కూడా. ఇక్కడ అలాంటి కొలత లేదు. పైగా సర్టిఫైడ్ రేసులో కూడా పక్కలకి తప్పుకుంటూ పరిగెత్తేవాళ్ళ జీపీఎస్ వాచ్ 10 దగ్గర ఆగదు, 10.1 దాకా వెళ్తుంది. వాచ్ 6:00 చూపిస్తుంటే సరిపోతుందని నమ్మినవాళ్ళు లైన్ దగ్గర 1:00:36 చూసి కంగుతినేది ఇందుకే. మా టార్గెట్ వాచ్ మీద 5:55. ఆ లెక్కన 10.1 కిలోమీటర్లకి 59:45, స్టార్ట్ లైన్ దాటడానికి ఓ పది సెకన్లు. అన్నీ కలిసొస్తే ఐదు సెకన్లు మిగులు.

రేసు రోజు

జెండా 6:08కి ఊపారు. ఆవిడ 12 సెకన్లలో లైన్ దాటారు. మొదటి కిలోమీటరు 6:08, జనంలోంచి మెలికలు తిరక్కుండా అంచు పట్టుకుని వెళ్ళారు. తర్వాత 5:58, 5:56, 5:55. ఎత్తు మీద ఐదోది 6:12. యూటర్న్ తర్వాత 5:44, తర్వాత 5:52, 5:54. కిందటేడు ఏడు, ఎనిమిది కిలోమీటర్లకి 6:45, 6:55 పడ్డ మనిషి. ఈ రెండు అంకెలు చూసినప్పుడే నాకు కేసు పూర్తయినట్టు అనిపించింది, టైమ్ ఏమొచ్చినా సరే.

తొమ్మిదో కిలోమీటర్లో 3కె వాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళని 10కె తర్వాత వదిలారు, ఇప్పుడు అందరూ ఒకే రోడ్డు మీద వెనక్కి వస్తున్నారు. ఒక స్కూలు పిల్లలు బ్యానర్ పట్టుకుని రోడ్డు అడ్డంగా పరుచుకుని పాడుకుంటూ నడుస్తున్నారు. డివైడర్ పక్కగా రావాలని అనుకున్నాం, అక్కడ వాళ్ళ మాస్టారు ఫొటోలు తీస్తున్నారు. ఆవిడ వేగం తగ్గించి, ఎడమవైపు బీచ్ గోడ దాకా వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చారు. ఆ కిలోమీటరు 5:58. చివరిది 5:50, పళ్ళు బిగించి.

వాచ్‌లో 10 కిలోమీటర్లు పూర్తయినప్పుడు 59:27. ఫినిష్ లైన్ మాత్రం ఇంకా ముందుంది. లైన్ దాటేసరికి వాచ్ మీద 10.13 కిలోమీటర్లు, 1:00:11. వాలంటీర్ రాసింది 1:00:24.

ఏ టైమ్ మీ టైమ్?

ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ గ్రూపంతా తీర్పు ఇచ్చేసింది. పరుగులు నమోదు చేసే యాప్ స్ట్రావా, పరుగులోంచి 10కె ముక్కని తనే విడిగా తీసి 59:27 అని పతకం బొమ్మతో చూపిస్తోంది, ఇంకేం కావాలి? రూటే ఎక్కువ కొలిచారని ఒకరు, సబ్ 60 (గంటలోపు) అని పోస్ట్ పెట్టేయమని ఇంకొకరు.

నా అభిప్రాయం వేరు. 10.13 చూసి రూటు పెద్దదని చెప్పలేం. సరిగ్గా కొలిచిన 10కె మీద కూడా వాచ్ అంతే చూపించవచ్చు, ఆ బ్యానర్ చుట్టూ తిరిగింది కూడా అందులోనే ఉంది. రేసు అంటే గీత నుంచి గీత దాకా. సొంత లెక్కకి, చిప్ లేనిచోట, స్టార్ట్ లైన్ దాటిన దగ్గర్నుంచి ఫినిష్ దాకా వాచ్ చూపిన టైముని ఒప్పుకుంటాను. అది 1:00:11. కిందటేటి కన్నా 3 నిమిషాల 29 సెకన్లు మెరుగు, లక్ష్యం కన్నా 11 సెకన్లు ఎక్కువ. మేం వేసుకున్న 10.1కి పైన వాచ్ చూపిన 30 మీటర్లు ఆ పేస్‌లో దాదాపు 11 సెకన్లే, అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆవిడ దగ్గర నాకన్నా కఠినమైన జవాబుంది. "వోచర్ లేకుండా ఎంట్రీ వేయను సార్. లిస్టులో 1:00:24 ఉంది, అదే నా టైమ్." స్ట్రావా పతకాన్ని ఎక్కడా పెట్టలేదు. కానీ సోమవారం బ్రాంచికి వెళ్ళి సంతకాల కాగితం తీసి, 59:27 ఉన్న స్క్రీన్ చూపించి, రెట్టింపు డబ్బు ఒక్కరి దగ్గరా వదలకుండా వసూలు చేశారు. ఇదేంటి మేడమ్ అని అడిగితే, "పిల్లల ఆపరేషన్లకి వాచ్ టైమ్ చాలు సార్, నాకు చాలదు" అన్నారు.

వచ్చే ఫిబ్రవరిలో చిప్ టైమింగ్, కొలిచిన రూటు ఉన్న 10కెకి రిజిస్టర్ అయ్యారు. ప్లాన్‌లో పెద్దగా మార్చింది లేదు. గురువారం పేస్ 5:55 నుంచి 5:50కి దించాను. వంపుల్లో లోపలి అంచు పట్టుకుని, కొలిచిన దారికి దగ్గరగా పరిగెత్తడం ఆదివారాల్లో సాధన చేయిస్తున్నాను. జనవరిలో రక్తపరీక్ష మళ్ళీ ఉంది, అంకె 12 కిందకి పడితే గురువారాలు ఆగిపోతాయని ముందే చెప్పాను. మార్చిలో రేసు వద్దని ఆవిడే అన్నారు, ఇయర్ ఎండింగ్ క్లోజింగ్ ఉంటుంది.